రెండేళ్ళ ఉమ్మడి చదువులో తెలుగుకు చోటెక్కడ?

2023 జూన్ నెలలో మా తమ్ముని కూతురిని వెంటబెట్టుకొని కృష్ణగిరి జిల్లాలోని ఒక కళాశాలకు వెళ్ళాను. అమ్మాయిని బి.ఎస్‌సి.లో చేర్చాలి. ప్రవేశ దరఖాస్తులో 'పార్ట్ వన్ భాష' అనే గడి ఒకటుంది. అమ్మాయి నా ముఖం చూసి, "పెద్దనాయనా, ఇక్కడ తెలుగు అని రాయొచ్చునా?" అని అడిగింది. రాయమన్నాను. కిటికీ వెనుక కూర్చున్న ఉద్యోగి ఆ కాగితం చూశాడు. తెలుగు అధ్యాపకుడు పదవీ విరమణ చేశాక ఆ స్థానంలోకి ఎవరూ రాలేదనీ, తెలుగు కోరినవారు ఐదారుగురికి మించి లేరనీ, అంత కొద్దిమంది కోసం తరగతి నడపడం కుదరదనీ మర్యాదగానే చెప్పాడు. అమ్మాయి తాను రాసిన మాటను కొట్టివేసి మరొక భాష పేరు రాసింది.

1976లో నేను డిగ్రీలో చేరినప్పుడు ఆ గడిలో తెలుగు అని రాయడానికి ఎవరి అనుమతీ అడగవలసిన అవసరం రాలేదు. ఒక్క తరంలో ఇంత మార్పు ఎలా వచ్చింది? ఈ ప్రశ్నకు జవాబు వెదికితే ప్రభుత్వాల తప్పు కొంత కనబడుతుంది, మన తప్పు కూడా కొంత కనబడుతుంది. రెంటినీ ఇక్కడ చెప్పదలచుకున్నాను.

ఆ గడి విలువ ఎంత?

తమిళనాడులో బి.ఎ., బి.ఎస్‌సి. చదివేవారికి మొదటి రెండు సంవత్సరాలు, అంటే నాలుగు సెమిస్టర్లు, పార్ట్ వన్ కింద ఒక భాష, పార్ట్ టూ కింద ఇంగ్లీషు ఉంటాయి. ప్రధాన విషయం పార్ట్ త్రీ. మన ఇళ్ళలో తల్లిదండ్రులు పార్ట్ త్రీని మాత్రమే చదువుగా భావిస్తారు. మొదటి రెండింటినీ గట్టెక్కవలసిన పరీక్షలుగా చూస్తారు. అయితే ఆ ఏర్పాటు వెనుక ఒక ఆలోచన ఉంది. రసాయనశాస్త్రం చదివేవాడైనా, చరిత్ర చదివేవాడైనా, లెక్కలు చదివేవాడైనా, ఇరవై ఏళ్ళు నిండకముందు కొంత సాహిత్యం, కొంత ఆలోచన కలిసి కూర్చొని చదవాలి. తన మాటలో తాను స్పష్టంగా రాయడం నేర్చుకోవాలి. ఆ తరువాతే తన ప్రత్యేక విద్యలోకి లోతుగా దిగాలి.

దీనినే నేడు లిబరల్ ఆర్ట్స్ అనీ, కోర్ పాఠ్యప్రణాళిక అనీ కొత్త పేర్లతో గొప్పగా చెప్పుకుంటున్నారు. అమెరికాలోని కొలంబియా విశ్వవిద్యాలయం మొదటి ప్రపంచ యుద్ధం ముగిసిన మరుసటి సంవత్సరం, 1919లో, సమకాలీన నాగరికత అనే ఉమ్మడి పాఠ్యాన్ని ప్రారంభించింది. 1937లో దానికి సాహిత్య పాఠ్యం తోడైంది. ఈ రెండూ సాధారణంగా మొదటి రెండు సంవత్సరాలలోనే పూర్తిచేస్తారు. బోస్టన్ విశ్వవిద్యాలయంలో 1989లో మొదలైన కోర్ కూడా రెండేళ్ళ ప్రణాళికగానే రూపొందింది. అక్కడ గ్రీకు కావ్యాల సరసన కన్ఫ్యూషియస్ బోధనలు, భగవద్గీత కూడా చదివించారు.

మన కిటికీ దగ్గరి ఉద్యోగి చెప్పిన మాటకు జవాబు ఇక్కడే ఉంది. కొలంబియాలో ఈ తరగతులు వందలమందితో నడిచే ఉపన్యాసాలు కావు. సుమారు ఇరవైరెండు మంది ఒక బల్ల చుట్టూ కూర్చొని, చదివిన పుస్తకం మీద వాదించుకునే తరగతులవి. సంఖ్య తక్కువగా ఉండడాన్ని అక్కడ సద్గుణంగా భావించి, దానికోసం డబ్బు ఖర్చుపెడతారు. మన ఎల్లప్రాంత కళాశాలలో అదే సద్గుణం తెలుగు తరగతిని మూసివేయడానికి కారణమైంది! పన్నెండుమంది పిల్లలు, ఒక అధ్యాపకుడు, ఒక పుస్తకం ఉంటే చాలు, లోకంలో మేలైనదిగా పేరుపొందిన బోధనా పద్ధతికి కావలసిన సరంజామా అంతా సమకూరినట్లే.

ఇది మనకు కొత్తది కాదు

రెండేళ్ళ ఉమ్మడి చదువు అమెరికా నుండి దిగుమతి అయిన సరుకని ఎవరూ అనుకోనక్కరలేదు. 1857లో ఏర్పడిన మద్రాసు విశ్వవిద్యాలయంలో ఎఫ్.ఏ. అనే చదువు ఉండేది. ఆ అక్షరాలకు అర్థం ఫస్ట్ ఆర్ట్స్ అనే. దాని తరువాత ఇంటర్మీడియట్ వచ్చింది. అదీ రెండేళ్ళ చదువే. ఆ ఇంటర్మీడియట్‌లోని తెలుగు వ్యాసరచన ఏ భాషలో ఉండాలన్న ప్రశ్న మీదనే మన ఆధునిక తెలుగు చరిత్రలోని అతిపెద్ద వాదం చెలరేగింది. పిల్లలు నోటితో పలికే శిష్టుల భాషలో రాయవచ్చునని గిడుగు రామమూర్తి పంతులు, గురజాడ అప్పారావు ఒక వైపు నిలిచారు. గ్రాంథికం తప్ప మరొకటి పనికిరాదని జయంతి రామయ్య పంతులు ప్రభృతులు మరొక వైపు నిలిచారు. గురజాడ తన అసమ్మతి పత్రాన్ని విశ్వవిద్యాలయానికి సమర్పించింది 1914లో. ఆనాడు ఓడినది వ్యావహారిక పక్షమే. కాని ఈ పత్రిక నేడు ఏ భాషలో వెలువడుతున్నదో చూస్తే చివరకు గెలిచిందెవరో తెలుస్తుంది.

ఒక విశ్వవిద్యాలయపు ఉమ్మడి పాఠ్యంలో ఒక్క వ్యాసరచన పత్రం గురించి ఆ పెద్దలు అంతగా ఎందుకు పోరాడారు? తెలుగు ప్రత్యేకంగా చదివే పండితులు ఏ భాషలోనైనా చదవగలరు. వైద్యుడు, వకీలు, గుమాస్తా, ఉపాధ్యాయుడు కాబోయే పిల్లవాడు తెలుగుతో చివరిసారి కూర్చునేది ఆ రెండేళ్ళలోనే. ఆ రెండేళ్ళలో తెలుగు వాడికి పనికివచ్చే భాషగా కనబడితే జీవితాంతం తోడుంటుంది. బరువుగా కనబడితే పరీక్ష నాడే దింపుకొని పోతాడు. ఈ సంగతి గిడుగుకూ గురజాడకూ బాగా తెలుసు.

గిడుగు వారు మనవంటి ఎల్లప్రాంతపు మనిషేనన్నది కూడా గుర్తుంచుకోవాలి. పర్లాకిమిడిలో రాజావారి విద్యాసంస్థలో బోధించారు. చుట్టుపట్ల కొండలలోని సవరల భాష నేర్చి, ఆ భాషలో వాచకాలు రాసి, వారి పిల్లలకు చదువు చెప్పించారు. 1936లో పర్లాకిమిడిని ఒడిశా రాష్ట్రంలో కలిపినప్పుడు ఆ ఊరు విడిచి రాజమండ్రి చేరారు. తన నుడికోసం పోరాడుతూ పొరుగువాని నుడికి పుస్తకాలు రాసిన ఆ మనిషే మన ఉద్యమానికి ఆదర్శం.

ఉమ్మడి అంటే ఎవరి ఉమ్మడి?

ఉమ్మడి పాఠ్యం అనగానే అందులో ఎవరి పుస్తకాలు ఉండాలన్న ప్రశ్న పుడుతుంది. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో 1980లో మొదలైన పాశ్చాత్య సంస్కృతి పాఠ్యంలో మా వారి రచనలేవని అక్కడి అల్పసంఖ్యాక విద్యార్థులు అడిగారు. 1987లో ఊరేగింపు తీశారు. 1988లో అధ్యాపక మండలి ఆ పాఠ్యాన్ని మార్చింది. అక్కడి పిల్లలు ఉమ్మడి చదువు వద్దనలేదు. ఆ ఉమ్మడిలో తమకూ పాలు ఉండాలన్నారు. మనం అడిగేదీ అంతే.

మన దేశంలో ఈ ప్రశ్న మళ్ళీ మళ్ళీ తలెత్తుతూనే ఉంది. ఢిల్లీ విశ్వవిద్యాలయం 2013లో నాలుగేళ్ళ డిగ్రీని తెచ్చి, అందరికీ 11 ఫౌండేషన్ కోర్సులు పెట్టింది. ఏడాది తిరిగేసరికి, 2014లో, దానిని ఉపసంహరించుకుంది. 2020 జాతీయ విద్యావిధానం లిబరల్ ఆర్ట్స్‌ను ప్రస్తావిస్తూ తక్షశిలను, నలందను, అరవైనాలుగు కళలను తలచుకుంది. ఆ విధానాన్ని అనుసరించి యు.జి.సి. 2022 డిసెంబరులో ప్రకటించిన ప్రణాళికలో మూడేళ్ళ డిగ్రీకి కనీసం 120 క్రెడిట్లు. అందులో ఆధునిక భారతీయ భాషకూ ఇంగ్లీషుకూ కలిపి దక్కినవి 8. అరవైనాలుగు కళల ప్రశంస తరువాత చేతికి వచ్చినది ఎనిమిది క్రెడిట్లు! ఆ ఎనిమిదింటిలోనూ ఇంగ్లీషుకు పోగా మిగిలేదెంత? ఆ మిగిలిన దానిలో రాష్ట్ర భాషకు పోగా, ఎల్లకు ఇవతల మిగిలిపోయిన మన భాషకు దక్కేదెంత?

కర్ణాటకలో 2021లో డిగ్రీ విద్యార్థులందరికీ కన్నడాన్ని తప్పనిసరి చేస్తూ ప్రభుత్వం ఉత్తర్వులిచ్చింది. 2022 ఏప్రిల్‌లో అక్కడి ఉన్నత న్యాయస్థానం ఎవరినీ బలవంతపెట్టరాదని మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది. 2024లో రాష్ట్రం నాలుగేళ్ళ డిగ్రీని వదలి తిరిగి మూడేళ్ళ పద్ధతికి వచ్చింది. ఏనుగులు పోట్లాడుకుంటే నలిగేది గడ్డి. కేంద్రం ఒక విధానం తెస్తుంది, రాష్ట్రం మరొకటి తెస్తుంది. ప్రతి మార్పులోనూ ముందుగా కదిలిపోయేది అల్పసంఖ్యాకుల భాషా పాఠ్యమే.

చట్టం అండగా లేదా అని అడుగుతారు. ఉన్నది, కాని కొంతమేరకే. 1956లో ఏడవ సవరణ ద్వారా రాజ్యాంగంలో చేరిన 350-ఎ అధికరణం భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు మాతృభాషలో బోధన కల్పించమంటుంది. అయితే అది ప్రాథమిక దశ వరకే. 29, 30 అధికరణాలు మన భాషను కాపాడుకొనే హక్కును, మన విద్యాసంస్థలను మనం నెలకొల్పుకొనే హక్కును ఇస్తాయి. డిగ్రీలో తెలుగు చెప్పి తీరాలని ప్రభుత్వ కళాశాలను నిలదీయడానికి మన చేతిలో అంత సూటియైన అధికరణం లేదు. కాబట్టి కళాశాలలో తెలుగు నిలిచేది చట్టంవల్ల కాదు, పిల్లల సంఖ్యవల్ల, పెద్దల పట్టుదలవల్ల.

ఆ పిల్లల సంఖ్య ఎక్కడ తగ్గిపోయిందో కూడా చూడాలి. 2006లో తమిళనాడు ప్రభుత్వం తెచ్చిన తమిళ బోధన చట్టం ఆ ఏడు ఒకటవ తరగతితో మొదలై ఏటా ఒక తరగతి చొప్పున పైకి పాకి, పదవ తరగతి వరకు తమిళాన్ని పార్ట్ వన్‌గా తప్పనిసరి చేసింది. మాతృభాషను ఐచ్ఛికంగా నాలుగవ భాగంలోకి నెట్టింది. న్యాయస్థానాలకు వెళ్ళి మినహాయింపులు తెచ్చుకున్నవారున్నారు. వెళ్ళలేనివారే ఎక్కువ. బడిలో ఎండిపోయిన ఏరు కళాశాలలో ఎలా పారుతుంది?

మన తప్పు

ఇక మన సంగతి. 1998లో మా అబ్బాయిని డిగ్రీలో చేర్చినప్పుడు అక్కడ తెలుగు ఉంది, అయ్యవారూ ఉన్నారు. అయినా పార్ట్ వన్ గడిలో మరొక భాష పేరు రాయించింది నేనే. అందులో మార్కులు సులువుగా వస్తాయని ఎవరో చెప్పారు. వచ్చాయి కూడా. ఆ మార్కులు ఏ ఉద్యోగానికీ ఉపయోగపడలేదు. ఆ భాషలో ఒక్క వాక్యం కూడా ఇప్పుడు వాడికి గుర్తులేదు. తెలుగులో మాత్రం వాళ్ళ అవ్వకు ఉత్తరం రాయలేకపోయాడు. పాతికేళ్ళ తరువాత మా తమ్ముని కూతురికి తెలుగు తరగతి లేకపోవడానికి నావంటి వందలమంది తండ్రులు అలా నింపిన గడులే కారణమని నా నమ్మకం. కిటికీ వెనుకనున్న ఉద్యోగి మీద కోపగించుకొనే హక్కు నాకు పూర్తిగా లేదు.

తప్పు పాఠ్యంలో కూడా ఉంది. నేను చదివిన రెండేళ్ళూ పద్యభాగం, ఛందస్సు, అలంకారాలు, ఒక నవల, ఒక అనువాద ప్రశ్న, ఇదే వరుస. ఎక్కడో కోస్తాలో కూర్చున్నవారు రాసుకున్న పుస్తకం మాకు చెప్పారు. మా ఊరు, మా మాట, మా తెలుగు అందులో ఎక్కడా కనబడలేదు. మేము ఇక్కడ అయిదారువందల ఏళ్ళుగా ఉన్నామన్న సంగతి కూడా ఆ పుస్తకం మాకు చెప్పలేదు.

ఎలాంటి పాఠ్యం కావాలి?

నాలుగు సెమిస్టర్లు చిన్న కాలం కాదు. సరిగా వాడుకుంటే ఒక మనిషిని నిలబెట్టగల కాలం. నా మనసులోని ప్రణాళిక ఇది.

మొదటి సెమిస్టరులో చదవడం, రాయడం. తమిళం, కన్నడం, ఒడియా, మరాఠీ బడులలో చదివివచ్చిన పిల్లలకు ఇంటి తెలుగు చెవికి తెలుసు, కంటికి తెలియదు. వారికి మొదటి నెలలలోనే ఛందస్సు చెప్పడం ఆకలిగొన్నవాడికి వంటశాస్త్రం చెప్పడమే. లిపి, వార్తాపత్రిక, ఉత్తరం, దరఖాస్తు, చిన్న కథ, ఇవి చాలు.

రెండవ సెమిస్టరులో మన నేల మీద పుట్టిన తెలుగు. తంజావూరులో రఘునాథ నాయకుని, విజయరాఘవ నాయకుని కొలువులలో వెలసిన యక్షగానాలు ఉన్నాయి. రంగాజమ్మ ఉంది. తిరువయ్యారులో త్యాగయ్య ఉన్నాడు. ముద్దుపళని కావ్యాన్ని 1910లో పరిష్కరించి అచ్చువేయించిన బెంగళూరు నాగరత్నమ్మ ఉంది. కన్నడ సీమలో పుట్టి, మద్రాసులో నిలిచి, తెలుగు కావ్యాన్ని బతికించి, తమిళ నేల మీద త్యాగయ్యకు సమాధి మందిరం కట్టించిన ఆమె జీవితం ఒక్కటి చెబితే చాలు, ఎల్లలంటే ఏమిటో పిల్లలకు తెలుస్తుంది. మైసూరు మహారాజా కళాశాలలో దశాబ్దాలపాటు తెలుగు బోధించిన రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ వ్యాసం ఒకటి చెప్పాలి.

మూడవ సెమిస్టరులో ఆలోచన. కందుకూరి, గురజాడ, గిడుగుల వచనంతో పాటు విజ్ఞానం, చట్టం, ఆరోగ్యం, వ్యవసాయం గురించి తెలుగులో వచ్చిన మంచి వ్యాసాలు ఉండాలి. తెలుగులోకి అనువాదమైన ప్రపంచ గ్రంథం ఒకటైనా ఉండాలి. తెలుగు అంటే పద్యాలు, పండుగలు మాత్రమే అనే భ్రమ పోవాలి.

నాలుగవ సెమిస్టరులో పిల్లలే సేకరించే చదువు. ప్రతి విద్యార్థీ తన ఊరికి వెళ్ళి పెద్దలను కూర్చోబెట్టి, సేద్యం మాటలు, మగ్గం మాటలు, పాటలు, పొడుపుకథలు, ఊరిపేర్ల కథలు రాసుకురావాలి. షోలాపూరు నేతగాని మాట, గజపతి జిల్లా రైతు మాట, హోసూరు రాగి చేల మాట, యానాం గోదావరి పడవవాని మాట, ఇవన్నీ ఏ నిఘంటువులోనూ పూర్తిగా ఎక్కలేదు. మా అమ్మ వాడిన మాటలలో సగం ఆమెతోనే పోయాయి. ఈ పని మరో ఇరవై ఏళ్ళు ఆగదు.

రెండు అభ్యంతరాలు

రాష్ట్ర భాష నేర్చుకోకుండా ఇక్కడ ఎలా బతుకుతారని కొందరు అడుగుతారు. నేర్చుకోవద్దని ఎవరన్నారు? మా ఇంట్లో అందరికీ తమిళం వచ్చు. తమిళంలోనే కొంటాం, అమ్ముతాం, కార్యాలయాలలో మాట్లాడతాం. అది మా పొరుగువారి భాష, మాకూ ప్రియమైన భాష. పొరుగు భాష వచ్చినంతమాత్రాన అమ్మనుడి మరచిపోవాలన్న నియమం ఎక్కడుంది? తెలుగు పార్ట్ వన్‌లోనే తెలుగు నుండి తమిళానికి, తమిళం నుండి తెలుగుకు అనువాదం గట్టిగా నేర్పితే ఇరుపక్షాలకూ మేలు.

దీనివల్ల ఉద్యోగం వస్తుందా అని మరికొందరు అడుగుతారు. డిగ్రీలో చదివిన ఏ ఒక్క పాఠ్యమూ నేరుగా ఉద్యోగం ఇవ్వదు. చక్కగా చదివి, అర్థం చేసుకొని, నలుగురి ఎదుట నిలబడి చెప్పగలిగే శక్తి ఇస్తుంది. ఆ శక్తి ముందుగా వచ్చేది ఇంట్లో పలికే భాషలోనే. రెండు భాషలలో ధారాళంగా రాయగలవాడికి న్యాయస్థానంలో, పత్రికలో, వ్యాపారంలో, ఆసుపత్రిలో ఈ ఎల్లప్రాంతంలో పని దొరకకపోదు.

మనం చేయవలసినది

మొదటి పని ఇంట్లోనే ఉంది. పన్నెండవ తరగతి పరీక్షలు ముగియగానే, మే నెలలోపే, ఊరిలో డిగ్రీకి వెళ్ళే పిల్లల పేర్లు రాసుకోవాలి. ఒక్కొక్కరుగా వెళ్ళి కిటికీ దగ్గర ఓడిపోయే బదులు, పదిహేనుమంది తల్లిదండ్రులు కలిసి సంతకాలతో ప్రిన్సిపాలుకు ముందుగా అర్జీ ఇవ్వాలి. అందినట్లు చీటీ తీసుకోవాలి. నోటిమాటగా వచ్చిన తిరస్కారానికి విలువ లేదు, రాసి ఇమ్మని అడగాలి. ఒక్కో కళాశాలకు ఒక్కో అధ్యాపకుడు దొరకకపోతే, దగ్గరి రెండు మూడు కళాశాలలకు కలిపి ఒకరిని నియమించమని విశ్వవిద్యాలయాన్ని కోరాలి. జవాబు రాకపోతే 350-బి అధికరణం కింద ఉన్న భాషా అల్పసంఖ్యాకుల ప్రత్యేకాధికారికి రాయాలి. అటువంటి అధికారి ఒకరున్నారన్న సంగతే మనలో చాలామందికి తెలియదు.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ విశ్వవిద్యాలయాలకు కూడా ఒక మనవి. సభలకు పిలిచి శాలువలు కప్పడం చాలు. ఎల్ల ఇవతలి పిల్లలకు తగిన పాఠ్యపుస్తకాలు రాయించి ఇవ్వండి. పదవీ విరమణ చేసిన అధ్యాపకులను వారంలో రెండు రోజులు పంపండి.

మా తమ్ముని కూతురి రెండేళ్ళ భాషా పాఠ్యం 2025లో ముగిసిపోయింది. ఆమెకు ఆ కాలం తిరిగి రాదు. ఆదివారాలు నా దగ్గర కూర్చొని తెలుగు చదువుకుంటున్నది. అది కళాశాల ఇవ్వవలసిన చదువుకు సాటి కాదని నాకు తెలుసు. ఆమె తమ్ముడు ఇప్పుడు బడిలో ఉన్నాడు. కొద్ది ఏళ్ళలో అదే కిటికీ ముందు నిలబడతాడు. అప్పుడు వాడు ఒంటరిగా నిలబడకూడదు. వాడి వెనుక ఊరు నిలబడాలి.